రోడ్ సైకిల్‌కి హ్యాండిల్‌బార్ ఎలా ఎంచుకోవాలి? గోదావరి గట్ల మీద చేతులు తిమ్మిరెక్కకుండా తొక్కడానికి గైడ్

ఫోన్ కొనే ముందు మనం ఎన్ని చూస్తామో చెప్పక్కర్లేదు. ప్రాసెసర్ ఏంటి, డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్ ఎంత, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్, ఛార్జర్ ఎన్ని వాట్లు... చివరికి బాక్సులో కవర్ ఇస్తున్నాడా లేదా అని కూడా అడుగుతాం. అదే వేలకి వేలు పోసి రోడ్ సైకిల్ కొనేటప్పుడు మాత్రం గేర్లెన్ని, బరువెంత, డిస్క్ బ్రేకా కాదా, ఈ మూడింటితో ఆగిపోతాం. హ్యాండిల్‌బార్ వెడల్పు ఎంత అని షాపులో అడిగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు. ఫోన్‌కి స్క్రీన్ ఎలాగో సైకిల్‌కి హ్యాండిల్‌బార్ అలాగ. తొక్కినంతసేపూ మీ చేతులుండేది దాని మీదే.

ఫోన్లు, వాచీలు రివ్యూ చేసే చోట ఈ టాపిక్ ఎందుకంటే, మా బాబాయిగారి అబ్బాయి వల్ల. రావులపాలెంలో ఉంటాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కొత్త రోడ్ సైకిల్ మీద ఓ ఆదివారం అమలాపురం వెళ్ళొచ్చి రాత్రి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, చిటికెన వేలూ ఉంగరం వేలూ నావి కాదన్నట్టున్నాయి. స్క్రీన్ మీద పెడితే తాకినట్టే తెలియట్లేదు" అన్నాడు. రెండు రోజులకి తగ్గింది. మళ్ళీ ఆదివారం తొక్కాడు, మళ్ళీ అదే. మూడో వారానికి సైకిల్ ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టబోతున్నాడు. నన్ను భయపెట్టింది అమ్మకం కాదు. ఎడం చేత్తో బ్రేక్ గట్టిగా పట్టుకోలేకపోతున్నానని మధ్యలో మామూలుగా చెప్పేసిన మాట. జొన్నాడ దగ్గర హైవే ఎక్కే కుర్రాడు బ్రేక్ పట్టుకోలేకపోవడం అంటే చిన్న విషయం కాదు.

అసలు తిమ్మిరి ఎందుకొస్తుంది?

మణికట్టు దగ్గర, అరచేతి అడుగున, చిటికెన వేలు వైపు నుంచి ఉల్నార్ అనే నరం ఒక ఇరుకు సందులోంచి వేళ్ళలోకి వెళుతుంది. ఆ సందుని గయాన్స్ కెనాల్ అంటారు. మన జిల్లాల్లో కాలవలకి కొదవ లేదు గానీ, సైక్లిస్టు జాగ్రత్తగా చూసుకోవాల్సిన కాలవ ఇదొకటి. ఆ చోట గంటల తరబడి ఒంటి బరువు పడితే నరం నొక్కుకుపోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి, పిడికిలి బలం కూడా తగ్గుతుంది. దీనికి హ్యాండిల్‌బార్ పాల్సీ అనే పేరే ఉంది. 2003లో అమెరికాలోని ఒక స్పోర్ట్స్ మెడిసిన్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో 600 కిలోమీటర్ల రైడ్ చేసిన 25 మంది చేతుల్ని ముందూ తర్వాతా పరీక్షిస్తే 23 మందిలో ఏదో ఒక లక్షణం కనిపించింది. అంటే మా వాడికొచ్చింది వింత రోగమేం కాదు.

ఇక్కడ ఒక కిటుకుంది. ఏ వేళ్ళు తిమ్మిరెక్కాయన్నది గుర్తు పెట్టుకోండి. చిటికెన, ఉంగరం వేళ్ళైతే బరువు అరచేతి బయటి అంచు మీద పడుతోందని అర్థం. బార్ మరీ వెడల్పుగా ఉండడమో, ఒళ్ళంతా ముందుకి జారి చేతుల మీద పడడమో అయ్యుంటుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు అయితే అది మీడియన్ అనే ఇంకో నరం. మణికట్టు వెనక్కి విరిచి పట్టుకునేవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. లివర్ల కోణం సరిగ్గా లేదేమో ముందు చూడాలి. రైడ్ అయిపోయిన రెండు మూడు రోజులకి కూడా తగ్గకపోతే మాత్రం ఆర్టికల్స్ చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

చదును నేల కష్టం

"మనది చదును నేల కదా, కొండలెక్కే పని లేదు, ఏ హ్యాండిల్ అయితే ఏంటి?" అని చాలామంది అంటారు. నా లెక్క దానికి పూర్తిగా తలకిందులు. చదును కాబట్టే మనకి హ్యాండిల్‌బార్ ముఖ్యం.

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళండి. ఎక్కుడు రాగానే చేతులు బార్ పైభాగానికి వస్తాయి. ఇంకా నిటారుగా ఉంటే లేచి నిలబడి తొక్కుతాం. దిగుడులో పెడల్ ఆపి కిందికి వంగుతాం. అంటే మనం అనుకోకుండానే చేతులు చోటు మారుతూ ఉంటాయి. అదే రాజమండ్రి నుంచి కెనాల్ రోడ్డు పట్టుకుని కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు మీదుగా సామర్లకోట వెళ్ళి చూడండి. ఎక్కడా ఎక్కుడు లేదు, దిగుడు లేదు. గంటన్నర, రెండు గంటలు ఒకే భంగిమ. పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతుంది, ఆపకపోతే చేతులు కదలవు.

దీనికి కారణం కూడా సరదాగా ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర కాలవలు తవ్వించింది సాగుకే కాదు, పడవలు తిరగడానికి కూడా. నీళ్ళు వాటంతట అవి పారేంత వాలుండాలి, పడవ ఎదురెళ్ళగలిగేంత చదునుండాలి. తేడా వచ్చిన చోట లాకులు కట్టారు. ఆ గట్లే ఇవాళ మన రోడ్లు. నీటికి, పడవకి అంత బాగా కుదిరిన చదును మన అరచేతులకి మాత్రం పరీక్ష పెడుతోంది.

దానికి తోడు గాలి. వేసవిలో మధ్యాహ్నం దాటాక యానాం వైపో అంతర్వేది వైపో తొక్కితే సముద్రపు గాలి మొహానికే కొడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి. పొద్దున్న కాకినాడ వెళ్ళేటప్పుడు హీరోలా వెళతాం, సాయంత్రం రాజమండ్రి తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. కొండ అయితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, గాలికి పైభాగం అంటూ ఉండదు. గాలికి ఎదురెళ్ళాలంటే వంగాలి. వంగితే బరువు చేతుల మీద పడుతుంది. కాబట్టి మనకి కావాల్సింది చేతులు పెట్టుకోవడానికి మూడు నాలుగు చోట్లిచ్చే బార్. అన్ని చోట్లా నిజంగా హాయిగా ఉండే బార్.

తాతల సైకిల్ నుంచి ఒక పాఠం

మా తాతయ్యది రాడ్ బ్రేకుల నల్ల సైకిల్. హ్యాండిల్‌కి రెండు వైపులా కొబ్బరికాయల గెలలు, వెనక క్యారియర్ మీద గడ్డిమోపు. అలా పది కిలోమీటర్లు తొక్కినా చేతులు తిమ్మిరెక్కాయని ఆయన అనగా నేను వినలేదు. బరువంతా స్ప్రింగుల సీటు మీద ఉండేది, అది ఒక కారణం. రెండో కారణం ఆ హ్యాండిల్ ఆకారం. పిడులు రెండూ తొక్కేవాడి వైపు వెనక్కి వంగి ఉంటాయి. పట్టుకుంటే అరచేతులు ఒకదాన్నొకటి చూసుకుంటాయి, నమస్కారం పెట్టి కాస్త ఎడం చేసినట్టు. మణికట్టుకి అది సహజమైన స్థితి.

ఇప్పటి ఫ్లాట్ బార్ హైబ్రిడ్ సైకిల్ పట్టుకోండి. అరచేతులు నేల వైపు తిరుగుతాయి, బల్ల మీద ఆనించినట్టు. పది నిమిషాలకి బాగానే ఉంటుంది, రెండు గంటలకి బాగుండదు. డ్రాప్ బార్ మీద బ్రేక్ లివర్లకి రబ్బరు తొడుగులుంటాయి కదా, వాటిని హుడ్స్ అంటారు. వాటిని పట్టుకుంటే మళ్ళీ తాతయ్య సైకిల్ నమస్కారమే వస్తుంది. చూడ్డానికి రేసింగ్ సైకిల్‌లా భయపెడుతుంది గానీ, దూరం తొక్కేవాళ్ళకి డ్రాప్ బార్ హాయిగా ఉండేది అందుకే. 13 గంటల 30 నిమిషాల్లో 200 కిలోమీటర్లు, 40 గంటల్లో 600 కిలోమీటర్లు పూర్తిచేయాల్సిన బ్రెవే రైడ్లలో ఎక్కువగా డ్రాప్ బార్లే కనిపించడానికి ఇదీ ఒక కారణం.

కొనే ముందు, ఖర్చు లేని పనులు

కొత్త బార్ ఆర్డర్ పెట్టే ముందు తప్పు బార్‌దేనా అని తేల్చుకోవాలి. మా వాడి సైకిల్ దగ్గరికి నేను టేప్, ఫోన్, ఆలెన్ కీలు పట్టుకుని వెళ్ళాను. ముందు చూసింది సీటు. సీటు ముక్కు కిందికి వాలి ఉంది. అలా ఉంటే మనిషి నెమ్మదిగా ముందుకి జారుతుంటాడు. జారకుండా చేతులతో తన్నిపెట్టి ఆపుకుంటూ ఉంటాడు, అది తనకే తెలీదు. సీటు పైన ఒక స్కేలు పెట్టి, దాని మీద ఫోన్ పెట్టి, లెవెల్ యాప్‌తో కొలవండి. సున్నా డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. అవసరమైతే ఒకటి రెండు డిగ్రీలు కిందికి. వాడిది చూడగానే తెలిసేంత ఎక్కువ వాలి ఉంది.

తర్వాత స్టెమ్. ఫ్రేమ్‌కి, హ్యాండిల్‌బార్‌కి మధ్య ఉండే చిన్న ముక్క అది. చాలా సైకిళ్ళకి 6 డిగ్రీల కోణంతో, కిందికి వంగేలా బిగించి ఇస్తారు. దాన్ని ఊడదీసి తిరగేస్తే, 100 మిల్లీమీటర్ల స్టెమ్ అయితే బార్ సుమారు 20 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. పైసా ఖర్చు లేదు. స్టెమ్ పైన రింగుల్లాంటి స్పేసర్లు ఏమైనా మిగిలుంటే వాటిని కిందికి మార్చి ఇంకొంచెం లేపొచ్చు. ఫ్రెండ్స్ చూస్తే "ఏంట్రా, అంకుల్ సైకిల్‌లా ఉంది" అంటారు. అననివ్వండి.

మూడోది లివర్ల కోణం. హుడ్స్ పట్టుకున్నప్పుడు మోచేతి నుంచి వేళ్ళ కణుపుల దాకా గీత గీసినట్టు తిన్నగా ఉండాలి. మణికట్టు దగ్గర విరగకూడదు. సైకిల్ని స్టాండ్ మీద పెట్టి, ఎవరినైనా పక్కనుంచి వీడియో తీయమనండి. వీడియో ఆపి చూస్తే అన్నీ బయటపడతాయి.

చివరిగా ఒక పరీక్ష. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద నెమ్మదిగా తొక్కుతూ, హుడ్స్ మీద చేతుల్ని ఆన్చీ ఆన్చనట్టు తేలికగా చేయండి. పూర్తిగా వదలొద్దు. వెంటనే ముందుకి పడిపోతున్నట్టనిపిస్తే మీ బరువు మొదట్నుంచీ చేతుల మీదే ఉందన్నమాట. సీటు కాస్త వెనక్కి జరపడమో, బార్ లేపడమో చేయాలి. ఇవన్నీ చేశాక కూడా తిమ్మిరి ఉంటే అప్పుడు బార్ సంగతి చూద్దాం.

వెడల్పు: అన్నిటికన్నా ముందు ఇదే

హ్యాండిల్‌బార్ స్పెసిఫికేషన్స్‌లో నాలుగు అంకెలుంటాయి. వెడల్పు, రీచ్, డ్రాప్, ఫ్లేర్. ఇందులో తప్పు పడితే ఎక్కువ బాధపెట్టేది వెడల్పు.

భుజం మీద చేయి పెట్టి బయటికి జరుపుతూ వెళితే, చేయి మొదలయ్యే చోట ఒక గట్టి ఎముక అంచు తగులుతుంది. ఆ రెండు ఎముకల మధ్య దూరమే మీకు కావాల్సిన కొలత. గోడకి ఆనుకుని నిలబడి ఇంకొకరి చేత పెన్సిల్‌తో గుర్తు పెట్టించుకుని, గోడ మీద తిన్నగా కొలవండి. షర్టుకి టైలర్ తీసే షోల్డర్ కొలత పనికిరాదు. అది వీపు వంపు మీదుగా వెళుతుంది కాబట్టి కొన్ని సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. మా వాడికి 39 సెంటీమీటర్లు వచ్చింది. సైకిల్‌కి వచ్చిన బార్ 440 మిల్లీమీటర్లు, అంటే 44 సెంటీమీటర్లు. రెక్కలు చాపిన కొంగలా తొక్కుతున్నాడన్నమాట. చేతులు బయటికి చాచి ఉంటే బరువు అరచేతి బయటి అంచుకి చేరుతుంది, మెడ కండరాలు బిగుస్తాయి, ఎదురుగాలికి ఛాతీ అంతా తెరచాపలా తెరుచుకుంటుంది. మూడు నష్టాలు ఒక్క కొలతతో.

బార్లు సాధారణంగా 20 మిల్లీమీటర్ల తేడాతో వస్తాయి: 360, 380, 400, 420, 440. మీ కొలతకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. రెండింటి మధ్యలో పడితే నేనైతే చిన్నదే తీసుకుంటాను, మన గాలికి అది మేలు. అయితే మరీ ఇరుకు కూడా వద్దు. ఊపిరి సంగతి అటుంచి, గోతుల రోడ్డు మీద ఇరుకు బార్ చటుక్కున తిరిగేస్తుంది. ప్రొఫెషనల్ రేసుల్లో గాలి కోసం బార్లు మరీ ఇరుకైపోతున్నాయని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2026 నుంచి రోడ్ రేసుల్లో బయటి అంచు నుంచి బయటి అంచుకి కనీసం 400 మిల్లీమీటర్లు ఉండాలని రూల్ పెట్టింది. వాళ్ళని చూసి బార్ కొనే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఆ "బయటి అంచు" అన్న మాట దగ్గర ఒక తిరకాసుంది. ఎక్కువ కంపెనీలు గొట్టం మధ్య నుంచి మధ్యకి కొలుస్తాయి. కొన్ని బయటి నుంచి బయటికి కొలుస్తాయి. గొట్టం మందం సుమారు 24 మిల్లీమీటర్లు కాబట్టి, ఒకరి 420 ఇంకొకరి 400 కంటే చిన్నది కావొచ్చు. ప్రాసెసర్ ఒకటే పేరుతో రెండు రకాలుగా వచ్చినట్టు. ప్రొడక్ట్ పేజీలో ఎలా కొలిచారో చదవకుండా ఆర్డర్ పెట్టొద్దు.

అమ్మాయిలకి ఇది ఇంకా ముఖ్యం. భుజాల కొలత 36 సెంటీమీటర్ల దగ్గర ఉన్నవాళ్ళకి కూడా 420 బార్ ఉన్న సైకిల్ అంటగట్టడం చూస్తుంటాం. 360, 380 సైజులు షాపులో కనపడకపోయినా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చేతులు చిన్నవైతే బ్రేక్ లివర్‌ని బార్‌కి దగ్గరగా జరిపే చిన్న స్క్రూ చాలా లివర్లకి ఉంటుంది, దాన్ని తిప్పించుకోండి.

రీచ్, డ్రాప్, ఫ్లేర్

రీచ్ అంటే బార్ పైభాగం నుంచి ముందుకి ఎంత చాచుకుని ఉందో. డ్రాప్ అంటే పైనుంచి కింది కొక్కెం దాకా ఎంత లోతో. పాత రేసింగ్ బార్లకి రీచ్ 85 నుంచి 100, డ్రాప్ 140 నుంచి 150 మిల్లీమీటర్లు ఉండేవి. ఇప్పుడు కాంపాక్ట్ అని అమ్మేవాటికి రీచ్ 70 నుంచి 80, డ్రాప్ 120 నుంచి 130. డెల్టాలో తొక్కేవాళ్ళు కళ్ళు మూసుకుని కాంపాక్ట్ తీసుకోవచ్చు.

ఎందుకంటే లోతు ఎక్కువున్న బార్‌లో కింది భాగం అటక మీది గంగాళంలా తయారవుతుంది. ఇంట్లో ఉంటుంది, ఎవరూ దించరు. నడుము అంతగా వంగదు కాబట్టి కింద పట్టుకోరు. ఎదురుగాలి వచ్చినప్పుడు పనికొచ్చే చోటే అది, దాన్నే వాడకపోతే చేతులు మార్చుకోవడానికి ఉన్న చోట్లలో ఒకటి పోయినట్టే. డ్రాప్ 125 ఉన్న బార్ మీద మామూలు నడుము ఉన్న మనిషి కూడా యానాం గాలికి పది పదిహేను నిమిషాలు కింద పట్టుకుని తొక్కగలడు. ఆ పది నిమిషాలు అరచేతులకి సెలవు.

రీచ్ తక్కువైతే హుడ్స్ మీకు దగ్గరగా వస్తాయి. 100 ఉన్నది తీసి 75 పెడితే హుడ్స్ విషయంలో 25 మిల్లీమీటర్లు చిన్న స్టెమ్ వేసినంత తేడా. ఇప్పటికే సైకిల్ మీకు కాస్త పొడుగనిపిస్తుంటే, స్టెమ్ మార్చే ముందు దీన్ని లెక్కలోకి తీసుకోండి. లేకపోతే రెండూ మార్చి మరీ ముడుచుకుపోతారు.

ఫ్లేర్ అంటే కింది కొక్కేలు బయటికి విచ్చుకుని ఉండే కోణం. గ్రావెల్ సైకిళ్ళ వల్ల ఇది ఫ్యాషనైంది, 25 డిగ్రీల దాకా వస్తున్నాయి. మన కాలవ గట్ల మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టర్ వస్తే తారు దిగి మట్టిలోకి వెళ్ళక తప్పదు. అప్పుడు కింద వెడల్పుగా పట్టుకుంటే సైకిల్ అదుపులో ఉంటుంది. ఆ మేరకు 8 నుంచి 12 డిగ్రీల ఫ్లేర్ మంచిదే. అంతకు మించితే హుడ్స్ కూడా పక్కకి వాలిపోయి నమస్కారం భంగిమ చెడుతుంది. కొన్ని కంపెనీలు వెడల్పుని పైన కొలుస్తాయి, కొన్ని కింద కొలుస్తాయి. ఫ్లేర్ ఉన్న బార్ పైన 400 ఉంటే కింద 440 దాటొచ్చు. మీకు కావాల్సింది పైన, హుడ్స్ దగ్గరి కొలత.

పైభాగం బల్లపరుపుగా ఉండే ఏరో బార్లు అరచేతికి మెత్తగా ఆనుతాయి, ఒప్పుకుంటాను. కానీ మామూలు గుండ్రటి క్లాంప్‌తో వచ్చే లైట్, బెల్, ఫోన్ మౌంట్ వాటికి సరిగ్గా పట్టవు.

ఫోన్‌తో వైబ్రేషన్ కొలవడం

ఇది మన రీడర్స్‌కి నచ్చే భాగం. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉంది, ఉచితం. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ రీడింగ్స్‌ని గ్రాఫ్‌గా చూపిస్తుంది, ఫైల్‌గా దాచుకోనిస్తుంది. మూలన పడున్న పాత ఫోన్‌ని బార్‌కి గట్టిగా కట్టి, ఒకే రోడ్డు మీద ఒకే స్పీడ్‌లో తొక్కి, ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడొచ్చు.

నేను 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద తెల్లవారుజామున చేశాను. వంతెన అతుకులు వచ్చినప్పుడల్లా గ్రాఫ్‌లో ముల్లు లేస్తుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక. టైర్లలో గాలి తగ్గించడం, మందపాటి బార్ టేప్ వేయడం, ఈ రెండూ చేసి చూశాను. అతుకుల ముళ్ళు బాగా పొట్టివైంది టైర్ గాలి తగ్గించినప్పుడే. టేప్ వల్ల గ్రాఫ్‌లో పెద్దగా ఏమీ మారలేదు, ఎందుకంటే ఫోన్ కట్టింది గొట్టానికి, టేప్ ఉండేది అరచేతికి గొట్టానికి మధ్య. చేతికి మాత్రం తేడా తెలిసింది. కొలిచే చోటు ఏదో తెలుసుకోకుండా గ్రాఫ్‌ని నమ్మకూడదనడానికి ఇదే ఉదాహరణ.

రోడ్ సైకిల్ అనగానే 100 పీఎస్ఐ కొట్టేయడం మన షాపుల్లో అలవాటు. 28 మిల్లీమీటర్ల టైర్, 70 కిలోల మనిషి అయితే 70 పీఎస్ఐ చుట్టుపక్కల చాలు. కార్బన్ బార్ గురించి ఆలోచించే ముందు ఇది చేయండి. కార్బన్ బార్ సన్నని అదురుని కాస్త తగ్గిస్తుంది, నిజమే. మన రోడ్ల మీద ఉన్నది సన్నని అదురు కాదు, గోతులు. గోతులకి మందు టైర్‌లో ఉంది.

పాత ఫోన్ వాడమని ఊరికే చెప్పలేదు. మోటార్‌సైకిల్ ఇంజిన్ల బలమైన వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాల్లోని ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్ దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబర్‌లో స్వయంగా చెప్పింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు, అంత ప్రమాదం ఉండకపోవచ్చు. అయినా రోజూ గట్టు రోడ్డు మీద తిరిగేవాళ్ళు ఖరీదైన ఫోన్‌ని నేరుగా గొట్టానికి బిగించకుండా, అదురుని మింగే రబ్బరు ఉన్న మౌంట్ వాడడం మంచిది. మౌంట్ గురించి ఇంకో మాట. బార్ పైభాగం మీద ఫోన్, లైట్, బెల్, కెమెరా అన్నీ బిగించేస్తే చేతులు పెట్టుకోవడానికి చోటుండదు. స్టెమ్ నుంచి ముందుకి చాచుకుని ఉండే అవుట్-ఫ్రంట్ మౌంట్ తీసుకుంటే పైభాగం చేతులకి మిగులుతుంది.

ఫ్లాట్ బార్ ఉన్నవాళ్ళ సంగతి

"నాది హైబ్రిడ్, డ్రాప్ బార్ వేయించొచ్చా?" అని నన్ను తరచూ అడుగుతారు. వేయించొచ్చు, కానీ వద్దంటాను. గేర్ షిఫ్టర్లు, బ్రేక్ లివర్లు మొత్తం మార్చాలి. వీ-బ్రేక్స్ ఉంటే మామూలు రోడ్ లివర్లు వాటికి సరిపడా కేబుల్ లాగలేవు. పైగా హైబ్రిడ్ ఫ్రేమ్ పొడుగ్గా ఉంటుంది కాబట్టి డ్రాప్ బార్ వేశాక హుడ్స్ అందనంత దూరమైపోతాయి. ఆ డబ్బుతో సెకండ్ హ్యాండ్ రోడ్ సైకిలే రావొచ్చు. బదులుగా రెండు కొసల దగ్గరా బార్ ఎండ్స్ అనే చిన్న కొమ్ములు పెట్టించుకోండి, నమస్కారం భంగిమ అక్కడ దొరుకుతుంది. అరచేయి ఆనేలా రెక్కలాంటి ఆకారం ఉన్న ఎర్గో గ్రిప్స్ ఇంకో మార్గం. రెండూ కలిపినా తక్కువ ఖర్చులో అయిపోతుంది.

బిగించేటప్పుడు

కొత్త బార్ కొనేటప్పుడు స్టెమ్ పట్టే చోట మందం చూడండి. ఇప్పటివాటికి 31.8 మిల్లీమీటర్లు, పాత సైకిళ్ళకి 25.4 లేదా 26 ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి పట్టదు, రేకు ముక్క పెట్టి సర్దే ప్రయత్నం ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దు. సెకండ్ హ్యాండ్‌లో కార్బన్ బార్ అస్సలు కొనొద్దు. పడినప్పుడు లోపల వచ్చిన పగులు పైకి కనిపించదు, విరిగే రోజు దాకా తెలీదు.

మన ఊళ్ళలో మెకానిక్‌లు చేయి తిరిగినవాళ్ళే, కానీ ఎక్కువమంది చేతులు నల్ల సైకిళ్ళ మీద తిరిగినవి. "గట్టిగా బిగించేశానండి, ఇంక కదలదు, ఆయ్" అంటే భయపడాల్సిందే. స్టెమ్ బోల్టులు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించాలి, అసలు అంకె స్టెమ్ మీదే రాసి ఉంటుంది. నాలుగు బోల్టులు ఉంటే ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి, పైనా కిందా సందు సమానంగా మిగలాలి. చిన్న టార్క్ రెంచ్ నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొనుక్కున్నా సరిపోతుంది.

డెల్టాలో మనకి ప్రత్యేకమైన శత్రువు చెమట. ఉక్కపోతకి చేతుల చెమటంతా టేప్‌లోకి ఇంకుతుంది, అందులో ఉప్పుంటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి గాలిలో కూడా ఉప్పే. టేప్ కింద అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతూ, చిన్న చిన్న గుంటలు పడి బలహీనమవుతుంది. ఏడాదికోసారి, వానాకాలం అయ్యాక, టేప్ విప్పి చూడండి. గుంటలు పడి ఉంటే బార్ మార్చేయండి, రుద్ది రంగేసి వాడొద్దు.

మా వాడి సంగతి అడుగుతారని తెలుసు. సీటు సరిచేసి, స్టెమ్ తిరగేసి, గాలి తగ్గించాక తిమ్మిరి సగానికి పైగా పోయింది, అప్పటికి ఖర్చు సున్నా. తర్వాత 400 వెడల్పు, 75 రీచ్, 125 డ్రాప్ ఉన్న మామూలు అల్యూమినియం కాంపాక్ట్ బార్ వేశాం. మూడు వారాలు వరసగా అమలాపురం వెళ్ళొచ్చాడు. రెండు గంటలు దాటాక చిటికెన వేలు కొంచెం జివ్వుమంటోందట, కింద పట్టుకుంటే పోతోందట. బ్రేక్ పట్టు మాత్రం మామూలైంది. అమ్మకం మానేశాడు.

ఒకటి మర్చిపోవద్దు. కొత్త బార్ వేసిన రోజే టేప్ చుట్టేయకండి. కేబుళ్ళు కదలకుండా నల్ల ఇన్సులేషన్ టేప్ రెండు మూడు చోట్ల చుట్టి ఓ వారం తొక్కండి. లివర్లు కొంచెం పైకా కిందికా, బార్ కొంచెం ఇటా అటా అన్నది ఆ వారంలో నాలుగైదుసార్లు మారుతుంది. ఆలెన్ కీ జేబులో ఉంచుకోండి, మార్చిన ప్రతిసారీ ఫోన్‌తో పక్కనుంచి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఇక మార్చాలనిపించని రోజు వచ్చాక బోల్టులు ఇంకోసారి చెక్ చేసి, అప్పుడు అసలు టేప్ చుట్టండి.